రైలు తప్పింది.. నూకలు మిగిలాయి

పొద్దున సైట్‌కి బస్సు కదిలే ముందు తలలు లెక్కపెట్టడం నా డ్యూటీ. ఒక్కోసారి లిస్టులో పేరుంటుంది, సీట్లో మనిషుండడు. ఆరా తీస్తే రూములో ముసుగు తన్ని పడుకుని ఉంటాడు. వెంటనే రిజిస్టర్ దిద్దేస్తాం. దిద్దకుండా వదిలేస్తే ఏమవుతుందో ఆర్చిబాల్డ్ ఫార్గస్ కథ చెబుతుంది.

1878లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పుట్టాడీయన. తండ్రి 'హ్యూ కాన్వే' అనే కలం పేరుతో నవలలు రాసి పేరు తెచ్చుకున్నవాడు. ఆ కాన్వే అన్నది తండ్రి కుర్రతనంలో చదువుకున్న శిక్షణ నౌక పేరు. కొడుకు పూర్తి పేరులోనూ అది ఉంది.

కేంబ్రిడ్జ్‌లో చదువుతూనే ఫార్గస్ 1900లో గ్లోస్టర్‌షైర్ కౌంటీ జట్టులోకి వచ్చాడు. మహామహుడు గ్రేస్ ఆ జట్టును వదిలి అప్పటికి ఏడాదే అయింది. ఫార్గస్ కౌంటీ తరఫున ఆడిన తొలి మ్యాచ్ లార్డ్స్‌లో, మిడిల్‌సెక్స్ మీద. 87 పరుగులిచ్చి 12 వికెట్లు తీశాడు! మన క్యాంపు టోర్నమెంట్‌లో నాలుగు తీస్తేనే వారం రోజులు చెప్పుకుంటాం. కానీ 1901తో కౌంటీ ఆట ముగిసింది. తర్వాత పాస్టర్ అయ్యారు. ఇక్కణ్ణుంచి గారు అనాలి మరి.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫార్గస్ గారు నౌకాదళంలో చాప్లిన్‌గా చేరారు. అంటే నావికులకు ప్రార్థన చేయించి, గాయపడ్డవాళ్లకు ధైర్యం చెప్పి, పోయినవాళ్లను సాగనంపే ఫాదర్. వేసిన నౌక 'మన్‌మత్'. ఎక్కాల్సిన రైలు తప్పింది. ఆయన చేరుకునేలోపే నౌక వెళ్లిపోయింది. సరేనని వేరే నౌకకు మార్చారు.

నవంబర్ 1న చిలీ తీరంలో కొరొనెల్ దగ్గర జర్మన్ నౌకలు ఎదురుపడ్డాయి. 'మన్‌మత్' పాతది, సిబ్బందిలో ఎక్కువమంది రిజర్వు నుంచి పిలిపించినవాళ్లు. పొద్దు గూకాక పడమటి వెలుగులో బ్రిటిష్ నౌకలు నల్లగా, స్పష్టంగా కనబడుతుంటే జర్మన్లు గురిచూసి కొట్టారు. 'మన్‌మత్', దాంతో పాటు 'గుడ్ హోప్' మునిగిపోయాయి. దాదాపు 1,600 మంది. రెండింట్లోనూ ఒక్కరూ బతకలేదు. జర్మన్ల వైపు చనిపోయినవారే లేరు.

క్రికెట్‌కు పంచాంగం లాంటి 'విజ్డెన్' 1915 సంచికలో ఫార్గస్ గారు నౌకతో పాటు పోయారని వేసేసింది. ఇలాంటి కబురు తప్పుగా వెళితే ఇంట్లోవాళ్ల గతేమిటో పరాయి దేశంలో ఉన్న మనకు వేరే చెప్పాలా?

ఆయన మాత్రం ఆ తర్వాత మరో 49 ఏళ్లు బతికారు. రెండో ప్రపంచ యుద్ధమూ చూశారు. 1963 అక్టోబర్‌లో, పుట్టిన బ్రిస్టల్‌లోనే కన్నుమూశారు, 84 ఏళ్ల వయసులో. విజ్డెన్ తన లెక్క దిద్దుకునేసరికి అదీ జరిగి దాదాపు 30 ఏళ్లయింది. ఆ 12 వికెట్ల లెక్కకు మాత్రం దిద్దుబాటు అవసరం పడలేదు.