ఎవరి వరుసలు వారికే

జీతాల రిజిస్టరు ఇనుప బీరువాలో ఉన్న రోజులలో దాని గోప్యతకు ఒక తాళంచెవి సరిపోయేది. నేడు అన్ని యూనిట్ల జీతాలు, భవిష్యనిధి రుణాలు, వైద్య ఖర్చుల బిల్లులు కంప్యూటరులో ఉమ్మడి పట్టికలుగా ఉంటున్నాయి. ఒక యూనిట్ అధికారి తన సిబ్బంది వైద్య ఖర్చుల నివేదిక తీసినప్పుడు, అదే పట్టికలో పొరుగు యూనిట్ ఉద్యోగి సతీమణి చికిత్స వివరమూ ఉంటుంది. ఆ వరుస ఆయన తెరపైకి రాకుండా చూడవలసినది ఎవరు?

చాలాచోట్ల ఈ పనిని నివేదిక తయారుచేసే ప్రోగ్రామరుకు వదిలివేస్తారు. ఆయన ప్రతి నివేదికలోనూ యూనిట్ సంకేతాన్నిబట్టి వడపోత పెడతారు. నివేదికలు పది ఉన్నంతకాలం ఇది సాగుతుంది. రెండువందలైనప్పుడు ఏదో ఒకదానిలో వడపోత తప్పిపోవడం సహజం. పైగా పట్టికను ఎక్సెల్ ద్వారా నేరుగా చదవగలిగిన వారికి ఆ వడపోత అడ్డే కాదు. కనుక కాపలా పట్టిక వద్దనే ఉండాలి.

ఈ సౌకర్యం 1999లో వచ్చిన ఒరాకిల్ 8ఐ నాటిదే. ఎవరు ఏ ప్రశ్న వేసినా, వారి యూనిట్ వరుసలకే పరిమితం చేసే షరతును డేటాబేస్ తానే జోడిస్తుంది. 2016లో ఎస్.క్యూ.ఎల్. సర్వర్, పోస్ట్‌గ్రెస్ కూడా ఇట్టి ఏర్పాటుతో వెలువడ్డాయి. అయితే పోస్ట్‌గ్రెస్‌లో ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప పట్టిక యజమానికి ఈ నియమం వర్తించదు. నివేదికలన్నీ ఆ యజమాని పేరుతోనే నడిపితే, వీధి తలుపుకు తాళం వేసి దొడ్డివాకిలి తెరిచి ఉంచినట్లే.

మొత్తాల చిక్కు వేరు. వరుసలు దాచినా సగటు చూపవలసి వస్తుంది. ఒక హోదాలో ఒక్కరే ఉంటే ఆ సగటే ఆయన జీతం; ఇద్దరుంటే ఒకరిది మరొకరికి తీసివేతతో తెలుస్తుంది. ఐదుగురికి తక్కువైన సమూహపు మొత్తం చూపకపోవడమే మేలని నా అభిప్రాయం. ఒకే శీర్షిక గల నివేదికలో ఇద్దరు అధికారులకు రెండు మొత్తాలు వచ్చి సమావేశంలో వాదన జరగడమూ ఉన్నదే. ఏ యూనిట్లు లెక్కలోకి వచ్చాయో పైభాగాన ముద్రిస్తే ఆ వాదనకు తావుండదు.

అసలు బలహీనత బదిలీలలో ఉంది. కొత్తచోటి అనుమతి లేనిదే పని సాగదు గనుక అది వెంటనే వస్తుంది. పాతచోటి అనుమతి తొలగించమని అడిగేవారుండరు. మూడు బదిలీల తరువాత ఒక అధికారి నాలుగు యూనిట్ల కుటుంబాల రోగవివరాలు చూడగలరు. ఆ సంగతి ఆయనకే తెలియకపోవచ్చు. అనుమతుల జాబితాను విడిగా ఉంచక, సిబ్బంది విభాగపు నియామక నమోదుతోనే ముడిపెట్టాలి. అప్పుడు రిలీవింగ్ ఉత్తర్వు నమోదైన రోజే పాత అనుమతి రద్దవుతుంది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సహేతుకమైన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది. ఆడిట్, విజిలెన్స్ వారికి అన్ని యూనిట్ల వివరాలు అవసరమే. వారి అనుమతికి గడువు తేదీ ఉండాలి. ఏ వివరాలు ఎప్పుడు చూశారో నమోదు కావాలి.