పసివారికి మందు – పెద్దల బాధ్యత

‘అడగందే అమ్మయినా పెట్టదు’ అని సామెత. ఆకలి విషయంలో ఇది కొంతవరకు నిజం కావచ్చు. కాని జబ్బు విషయంలో పసిబిడ్డ అడగలేడు. తనకు ఎక్కడ నొప్పిగా ఉన్నదో, ఉదయం ఇంటిలో ఏ మందు తాగి వచ్చాడో మూడేండ్ల బిడ్డ స్పష్టంగా చెప్పలేడు. బిడ్డ చెప్పలేని ఆ మాటను పెద్దలే గ్రహించి, ఒకరికొకరు తెలుపుకోవాలి. బిడ్డ పగలు అంగన్‌వాడీలోను, మిగిలిన సమయం ఇంటిలోను గడిపేటప్పుడు ఈ బాధ్యత రెట్టింపవుతుంది.

మన దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న ప్రారంభమైనది. ఆ పథకం కింద వెలసిన అంగన్‌వాడీలలో మూడు నుండి ఆరేండ్ల వయసు పిల్లలు ఆటపాటలతో చదువు నేర్చుకుంటారు, పౌష్టికాహారం పొందుతారు. ఒకే గదిలో కూర్చుని, అవే బొమ్మలతో ఆడుకొనే చోట ఒకరి జబ్బు మరొకరికి సోకడం సహజం. జలుబు, దగ్గు, జ్వరం, విరేచనాలు ఈ వయసులో తరచుగా వస్తాయి. భోజనానికి ముందు, మరుగుదొడ్డికి వెళ్లి వచ్చిన తరువాత సబ్బుతో చేతులు కడిగించడం మొదటి రక్షణ. జ్వరంతోనో, విరేచనాలతోనో, తట్టు వంటి అంటువ్యాధితోనో బాధపడే బిడ్డను కోలుకొనే వరకు ఇంటనే ఉంచడం రెండవ రక్షణ.

కోలుకుంటున్న బిడ్డ మళ్లీ కేంద్రానికి వచ్చేటప్పుడు మందు కూడా వెంట వస్తుంది. అప్పుడు మూడు పొరపాట్లు జరిగే అవకాశం ఉన్నది.

మొదటిది మోతాదు. జ్వరానికి వాడే పారాసిటమాల్ ద్రవం 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు ఉన్నదీ, 250 మిల్లీగ్రాములు ఉన్నదీ దొరుకుతాయి. పేరు ఒకటే, బలం వేరు. ఒకసారికి ఇవ్వదగినది బిడ్డ బరువులో కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాములు. 12 కిలోల బిడ్డకు అది 120 నుండి 180 మిల్లీగ్రాములు. మొదటి సీసాలోని 5 మిల్లీలీటర్లు ఆ బిడ్డకు సరిపోతాయి. రెండవ సీసాలోని 5 మిల్లీలీటర్లు హద్దు మీరుతాయి.

రెండవది చెంచా. వంటింటి చెంచాలన్నీ ఒకే కొలతవి కావు. కనుక సీసాతో వచ్చిన కొలత మూతనే వాడాలి.

మూడవది ఒకే మందును ఇద్దరు ఇవ్వడం. ఉదయం ఎనిమిది గంటలకు తల్లి జ్వరం మందు పట్టి పనికి వెళ్లినదనుకుందాం. పది గంటలకు ఒళ్లు వెచ్చగా ఉన్నదని టీచరు అదే మందు మళ్లీ పట్టవచ్చు. ఇద్దరిదీ ప్రేమే, లోపించినది సమాచారం. ఈ మందును మళ్లీ ఇవ్వడానికి కనీసం నాలుగు గంటల వ్యవధి ఉండాలి. మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది.

ఈ మూడింటికీ విరుగుడు చిన్న చీటి. వైద్యుని సలహాతోపాటు బిడ్డ పేరు, మందు పేరు, మోతాదు, ఇంటిలో చివరిసారి ఇచ్చిన వేళ, తల్లిదండ్రుల ఫోను నంబరు అందులో ఉండాలి. కేంద్రంలో మందు ఇచ్చిన వెంటనే ఆ వేళను టీచరు పుస్తకంలో వ్రాసి, సాయంత్రం ఇంటివారికి తెలపాలి. వైద్యుని చీటీ లేని మందును, ఒక బిడ్డకు వ్రాసినదాన్ని మరొక బిడ్డకు ఇవ్వరాదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో విషపదార్థం కలిసిన దగ్గు మందు తాగి పలువురు పసివారు మూత్రపిండాలు చెడి మరణించారు. ఐదేండ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు సాధారణంగా వాడదగినవి కావని ఆ సందర్భంలో కేంద్ర ఆరోగ్య శాఖ హెచ్చరించినది.

విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. ద్రావణం సంజీవని వంటిది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణంతోనే ఎందరినో బ్రతికించారు. లీటరు పొట్లాన్ని ఒకేసారి లీటరు శుభ్రమైన నీటిలో కలిపి, 24 గంటలలోగా వాడాలి. దానితోపాటు వైద్యులు సూచించే జింకు బిళ్లలను విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయాలి. బిడ్డ రెండు మూడు రోజులలో తేరుకొని కేంద్రానికి వచ్చినా, జింకు బిళ్ల సంగతి చీటీలో ఉండవలసినదే.

ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలలలో నులిపురుగుల నిర్మూలన దినం నాడు అంగన్‌వాడీలలో ఆల్బెండజోల్ బిళ్లలు ఇస్తారు. జబ్బుగా ఉన్న బిడ్డకు, వేరే మందు వాడుతున్న బిడ్డకు ఆనాడు బిళ్ల వేయరు. ఇంటివారు చెప్పనిదే ఆ సంగతి టీచరుకు ఎలా తెలుస్తుంది?

కొన్ని లక్షణాలు కనిపించినప్పుడు చీటీ కోసం ఆగరాదు. బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, ఏమీ తాగలేకపోతున్నా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోను చేయాలి. ఫిట్స్ వచ్చిన బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చేతిలో తాళపుచెవులు పెట్టడం, నోట్లో నీళ్లు పోయడం తగదు.

కళాశాలకు వచ్చే దారిలో తమ్మునో, చెల్లెలినో, మేనల్లునో అంగన్‌వాడీలో దింపి వచ్చే విద్యార్థులు మనలో ఉన్నారు. మందు సీసాపై అంకెలు చదవలేని అమ్మమ్మలు, నాయనమ్మలు మన ఇండ్లలో ఉన్నారు. వారికి ఆ అంకెలు చదివి వినిపించి, నాలుగు ముక్కల చీటీ వ్రాసి ఇవ్వడం మనం చేయగలిగిన పనియే. మనం నేర్చిన అక్షరం ఒక పసిప్రాణానికి రక్షణ కావడం కంటే చదువుకు వేరే సార్థకత ఏమున్నది?