కదిలే అక్షరం

అక్షరమంటే నశించనిదని అర్థం. ఒకనాడు తాటాకుపై గంటంతో నిలిపిన అక్షరాన్ని నేడు హార్డ్‌డిస్కులోని అయస్కాంతపు పొరపై నిలుపుతున్నాము. దానిని చదవాలంటే డిస్కు వేగంగా తిరుగుతూ ఉండాలి. అందుకు విద్యుత్తు కావాలి. ఆ విద్యుత్తు కోసమే భూపాలపల్లి జిల్లా చేల్పూరు వంటి చోట్ల బొగ్గు మండుతున్నది.

డిస్కు కదలక, రాత మాత్రమే కదిలితే? 2008లో ఐ.బి.ఎం. శాస్త్రవేత్త స్టువర్ట్ పార్కిన్ బృందం ఆ మార్గాన్ని ప్రయోగపూర్వకంగా చూపింది. అతి సన్నని తీగలో విద్యుత్ప్రవాహం అయస్కాంత ప్రాంతాల సరిహద్దులను ముందుకు నెడుతుంది. లోహం మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో లభించే ఖనిజం నుండి తీసిన ఇనుములో ప్రతి పరమాణువూ ఒక చిన్న అయస్కాంతమే. కొన్ని పదార్థాలలో అటువంటి చిన్న అయస్కాంతాలు నీటి సుడివలె మెలితిరిగి నిలుస్తాయి. ఆ సుడికి స్కిర్మియాన్ అని పేరు. 2009లో మ్యూనిక్ శాస్త్రవేత్తలు మాంగనీస్ సిలిసైడ్‌లో దానిని గుర్తించారు. కొన్ని సుడుల వెడల్పు కొద్ది నానోమీటర్లే. నానోమీటరు అంటే మీటరులో శతకోటవ వంతు.

2010లో అవి అతిస్వల్ప విద్యుత్ప్రవాహానికే కదిలాయి. అయితే అది సుమారు మైనస్ 245 డిగ్రీల సెల్సియస్ చలిలో. అనంతరం సాధారణ గది ఉష్ణోగ్రతలోనూ వాటిని కదిలించగలిగారు. కాని సుడి తిన్నగా సాగక పక్కకు ఒరుగుతుంది; తీగ అంచును తాకితే చెరిగిపోవచ్చు. చెరిగితే అక్షరం క్షరమవుతుంది. కదులుతూనే నశించని అక్షరాన్ని సాధించడమే నేటి శాస్త్రజ్ఞుల ముందున్న పరీక్ష.