పిడుదు ఒకటే... నాటావుకు నలత, సంకరావుకు గండం

ఒకే కొట్టంలో రెండావులు. రెండింటికీ పిడుదులు (గోమార్లు) పట్టాయి. నాటావు మేత మేస్తూనే ఉంటుంది. అప్పు తెచ్చి కొన్న సంకరజాతి ఆవు మాత్రం జ్వరంతో కూలబడుతుంది. ఎందుకని?

పిడుదు కుట్టినప్పుడు థైలీరియా క్రిమి పశువు తెల్ల రక్తకణాల్లో చేరుతుంది. విదేశీ జాతుల్లో ఈ కణాలు అదుపు తప్పి రెచ్చిపోతాయి. జ్వరం, వాపు ముదిరి ప్రాణం మీదికొస్తుంది. సాహివాల్ వంటి మన జాతుల్లో ఆ ఉధృతి తక్కువ. అందుకే తట్టుకుంటాయి.

సంకరావుకు 104 డిగ్రీలు దాటిన జ్వరం, భుజం ముందు బిళ్ల కట్టడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. పశువైద్యునితో రక్తపరీక్ష చేయించాలి. తొలిదశలోనే బుపార్వాక్వోన్ ఇంజక్షన్ పడితే గండం గడుస్తుంది. పిడుదులు దాగే గోడ పగుళ్లను పూడ్చి సున్నం కొట్టాలి.