లారీ ఎక్కే ముందు సర్దాల్సిన మరో పెట్టె

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో అట్టపెట్టెలు దిగుతాయి. ఒక్కోదాని మీద ‘వంటగది’, ‘పుస్తకాలు’, ‘గాజు సామాను’ అని అమ్మ రాస్తుంది. కంప్యూటర్‌ను మాత్రం పాత దుప్పట్లో చుట్టి లారీ ఎక్కించేస్తాం. దాని లోపలి సామాను ఎవరికీ గుర్తుండదు.

నాకూ గుర్తుండలేదు. ఒక బదిలీలో లారీ దిగిన మా కంప్యూటర్ మళ్లీ తెరుచుకోలేదు. కంప్యూటర్ కొత్తది కొనుక్కున్నాం. అందులో దాచిన మా అమ్మమ్మ కథలు, ఆవిడ గొంతుతో సహా పోయాయి. మరో కాపీ లేదు. మళ్లీ చెప్పించుకుందామంటే అమ్మమ్మ లేదు.

హార్డ్ డిస్క్ అంత సున్నితమా? అవును. అందులో అద్దంలాంటి పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. సమాచారం చదివే భాగం వాటిని తాకకుండా, వెంట్రుక మందం కన్నా ఎన్నో రెట్లు తక్కువ ఎత్తులో తేలుతుంది. కంప్యూటర్ ఆపితే అది పక్కకు తప్పుకుంటుంది కానీ, గట్టి దెబ్బ తగిలితే అప్పుడూ ప్రమాదమే. కదిలే భాగాలు లేని ఎస్.ఎస్.డి. కుదుపులకు ఓర్చుకుంటుంది. అయినా అదీ ఏదో ఒకరోజు చెడిపోవచ్చు.

అందుకే ముందు సర్దుదాం. ‘ఫోటోలు’, ‘చదువు’, ‘పత్రాలు’ అని మూడు ఫోల్డర్లు చాలు. ఫోటోల్లో ఊరికో ఫోల్డర్ పెట్టండి. ఫైలు పేరుకు ముందు 2024-03-15 అన్నట్టు సంవత్సరం, నెల, తేదీ రాస్తే, పేర్ల వరుసలో చూసినప్పుడు అవి కాలక్రమంలో నిలబడతాయి. ఒకే ఫోటో ఒకే ఫోల్డర్‌లో నాలుగుసార్లు ఉంటే మూడు తీసేయండి.

తర్వాత బ్యాకప్. దీనికి 3-2-1 అనే సూత్రం ఉంది. మొత్తం 3 కాపీలు, 2 రకాల సాధనాల్లో, అందులో 1 వేరే చోట. ఉదాహరణకు కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. బయటి డిస్క్‌లోకి ఎక్కించి కంప్యూటర్‌లోంచి తీసేస్తే అది బ్యాకప్ కాదు, దానికీ బదిలీయే! కాపీ అయ్యాక రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. ఆ డిస్క్‌ను లారీలో వేయకుండా మీ చేతి సంచిలో పెట్టుకోండి.

మార్చి 31 ప్రపంచ బ్యాకప్ దినం. చాలామందికి పరీక్షలు అయిపోయే రోజులు, బదిలీలు మొదలయ్యే రోజులు కూడా. ఆ పూట నాన్నగారి పక్కన కూర్చుని ఈ పని చేయండి. ప్రతి ఊళ్లోనూ స్నేహితుల్ని వదిలి వస్తాం. వాళ్ల ఫోటోలనైనా వెంట తెచ్చుకుందాం.