ఒకే అక్షాంశం, రెండు సముద్రాలు

మా పెద్దమ్మ కొడుకు బ్రెజిల్‌లో, సావో పాలోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. హైదరాబాద్ నుంచి ఆ ఊరు సుమారు 14 వేల కిలోమీటర్లు. గడియారం మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనక. డిసెంబర్ చివర్లో అన్నయ్యకి మూడు వారాలు సెలవు దొరుకుతుంది. కానీ అందులో నాలుగు రోజులు రానూపోనూ ప్రయాణానికే పోతాయి, టికెట్ డబ్బుల సంగతి సరేసరి. అందుకే ఒక ఏడాది ఇంటికి రావడం, ఒక ఏడాది అక్కడే ఊళ్ళు తిరగడం అని పెట్టుకున్నాడు. పోయినసారి తిరిగే ఏడాది. "ఏం నాయనా, పండక్కి రావా?" అని పెద్దమ్మ అడిగినప్పుడల్లా ఏదో ఒక బీచ్ ఫోటో పంపేవాడు.

ఆ ఫోటోలు మా ఫ్యామిలీ గ్రూపులో వరసగా చూస్తుంటే నాకొక డౌట్ వచ్చింది. ఈ వ్యాసం ఆ డౌట్ గురించే.

ముందు అన్నయ్య తిరిగిన రూటు చెప్తాను. మొదట సాల్వడార్. 1549 నుంచి 1763 దాకా బ్రెజిల్‌కి రాజధాని అది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ వారసులు ఎక్కువగా ఉండే నగరం. అక్కడ వీధి బండ్ల మీద అకరాజే అని అమ్ముతారు. బొబ్బర్లు నానబెట్టి, రుబ్బి, పామాయిల్‌లో వేయించి, మధ్యలో కోసి ఎండు రొయ్యలు పెడతారు. అన్నయ్య మాటల్లో చెప్పాలంటే "రొయ్యలు కూరిన బొబ్బర్ల గారె". సముద్రం గోరువెచ్చగా ఉందట, గంటసేపు మెడ లోతులో నిలబడ్డాడు.

తర్వాత రియో. డిసెంబర్ 31 రాత్రి కోపాకబానా బీచ్‌లో లక్షలమంది తెల్లబట్టలు వేసుకుని వస్తారు. ఇయెమాంజా అనే సముద్ర దేవతకి పూలు వదులుతారు, ఏడు అలలు దూకుతారు. "గంగమ్మకి పూలు వేసినట్టే కదా" అంది పెద్దమ్మ. బ్రెజిల్ చట్టం ప్రకారం బీచ్ ఎవరి సొంతమూ కాదు, అందరిదీ. స్టార్ హోటల్లో దిగినవాడూ, కొండ మీద ఫవేలాలో రేకుల ఇంట్లో ఉండేవాడూ అదే ఇసకలో కూర్చుంటారు. అక్కడ కూడా అన్నయ్య ఏడు అలలూ హాయిగా దూకాడు.

మూడోది అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్. ఊరి ముందు ఉన్నది సముద్రం కాదు, రియో దె లా ప్లాతా అనే నది. పేరుకి అర్థం వెండి నది, రంగు మాత్రం టీ రంగు. పరానా, ఉరుగ్వాయ్ నదులు మోసుకొచ్చే ఒండ్రు వల్ల అలా ఉంటుంది. సముద్రంలో కలిసే చోట దాని వెడల్పు సుమారు 220 కిలోమీటర్లు. అన్నయ్య నీళ్ళలోకి దిగలేదు.

అక్కడి నుంచి ఆండీస్ పర్వతాల మీదుగా చిలీకి విమానం, తర్వాత బస్సులో వాల్పరైజో. కొండల నిండా రంగురంగుల ఇళ్ళు, కొండెక్కడానికి పట్టాల మీద నడిచే పాత లిఫ్టులు. కవి పాబ్లో నెరూడాకి అక్కడొక ఇల్లు ఉంది, ఇప్పుడది మ్యూజియం. 1914లో పనామా కాలువ తెరిచాక ఓడలు ఇటు రావడం తగ్గి, ఈ రేవు కళ తప్పింది. పక్కనే వీన్యా దెల్ మార్ బీచ్. ఎండ మాడుస్తోంది, నీళ్ళు మాత్రం మంచు. అన్నయ్య చీలమండల దాకా దిగి పరుగున బయటికొచ్చాడు.

చివరిది పెరూ రాజధాని లిమా. నడుము లోతు దాకా వెళ్ళి, వణుక్కుంటూ వాయిస్ మెసేజ్ పెట్టాడు.

నా డౌట్ ఇక్కడే. మ్యాప్ తెరిచి చూడండి. సాల్వడార్ దాదాపు 13 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉంది. లిమా 12 డిగ్రీల మీద, అంటే భూమధ్యరేఖకి ఇంకాస్త దగ్గర. మన వైపు లెక్కలో చెన్నై 13 డిగ్రీల ఉత్తరం. జనవరి అంటే దక్షిణార్ధగోళంలో మంచి ఎండాకాలం. ఒకే ఖండం, ఒకే అక్షాంశం, ఒకే నెల. మరి ఒక తీరంలో గోరువెచ్చగా, ఇంకో తీరంలో చల్లగా ఎందుకు?

జవాబు: సముద్రం చెరువులా ఒకచోట నిలబడి ఉండదు, నదిలా పారుతుంది. అట్లాంటిక్ వైపు భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన నీరు బ్రెజిల్ తీరం వెంబడి దక్షిణానికి వస్తుంది. పసిఫిక్ వైపు రివర్స్. అంటార్కిటికా దిక్కు నుంచి చల్లటి నీరు చిలీ, పెరూ తీరాల వెంబడి ఉత్తరానికి ఎక్కుతుంది. దీన్ని హంబోల్ట్ ప్రవాహం అంటారు. జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ 1802లో ఆ నీళ్ళ వేడిని కొలిచాడు, అందుకే ఆ పేరు.

ఇంకో కారణం కూడా ఉంది. ఆ తీరం వెంబడి గాలి దక్షిణం నుంచి ఉత్తరానికి వీస్తుంది. భూమి తిరగడం వల్ల దక్షిణార్ధగోళంలో కదిలే నీరు ఎడమకి మళ్ళుతుంది. అంటే పైనున్న నీరు తీరం నుంచి దూరంగా జరిగిపోతుంది. ఆ ఖాళీని నింపడానికి అడుగు నుంచి ఇంకా చల్లటి నీరు పైకి వస్తుంది. ఆ నీటితోపాటు అడుగున ఉన్న పోషకాలూ వస్తాయి. వాటి మీద నాచు లాంటి సూక్ష్మజీవులు, వాటి మీద అంచోవీ అనే చిన్న చేపలు బతుకుతాయి. ప్రపంచంలోని అతిపెద్ద చేపల వేటల్లో పెరూది ఒకటి కావడానికి కారణం ఈ చలే.

చల్లటి సముద్రం ఊరినీ మార్చేస్తుంది. నీటికి ఆనుకున్న గాలి చల్లబడి కిందే ఉండిపోతుంది, దాని పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. మూత తీయని గిన్నెలా మబ్బు కిందే తిరుగుతుంది కానీ వాన కాదు. అటు తూర్పున అమెజాన్ నుంచి వచ్చే తేమని ఆండీస్ అడ్డుకుంటాయి. అందుకే లిమాలో ఏడాది మొత్తానికి రెండు సెంటీమీటర్ల వాన కూడా పడదు. కోటిమంది దాకా ఉండే నగరం, సముద్రం ఒడ్డునే ఉంది, కానీ ఎడారి. తాగే నీళ్ళు కొండల నుంచి వచ్చే నదుల మీదే ఆధారం.

ఇంతవరకూ టూరిజం, జాగ్రఫీ. ఇప్పుడు అనంతపురానికి వద్దాం, మాది ఆ జిల్లాయే.

మామూలుగా పసిఫిక్‌లో గాలులు వెచ్చటి నీటిని ఇండోనేషియా వైపు నెడుతూ ఉంటాయి. కొన్నేళ్ళకోసారి ఆ గాలులు బలహీనపడతాయి, వెచ్చటి నీరు మళ్ళీ దక్షిణ అమెరికా వైపు వస్తుంది. పెరూలో చేపలు తగ్గిపోతాయి, ఎడారిలో వరదలు వస్తాయి. ఇది క్రిస్మస్ రోజుల్లో కనిపించేది కాబట్టి అక్కడి జాలర్లు ఎల్ నినో, అంటే బాల ఏసు, అని పేరు పెట్టారు. ఆకాశంలో గాలి పైకి లేచే చోటు కూడా అప్పుడు తూర్పుకి జరుగుతుంది. దాంతో మన వైపు గాలి కిందికి దిగే అవకాశం పెరిగి, రుతుపవనాలు డీలా పడతాయి.

ఈ లింకు దొరికింది మన దేశంలో పని చేసిన మనిషికే. 1904లో వాతావరణ శాఖ అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణిత శాస్త్రవేత్త. వానలు ముందే చెప్పగలమా అని ప్రపంచంలోని వాతావరణ లెక్కలన్నీ తెప్పించి, గుమాస్తాలను కూర్చోబెట్టి కోరిలేషన్లు వేయించాడు. కంప్యూటర్ లేని కాలంలో డేటా సైన్స్ అన్నమాట. ఆ తిప్పలకి వెనక కరువులున్నాయి. రాయలసీమని ఊడ్చేసిన ధాత కరువు 1876-78 నాటిది. ఆ సమయంలోనే పసిఫిక్‌లో చాలా బలమైన ఎల్ నినో నడిచిందని ఇప్పుడు శాస్త్రవేత్తలు చెప్తున్నారు.

2023 కూడా ఎల్ నినో ఏడాదే. ఆ ఆగస్టు దేశంలో 1901 తర్వాత అన్నిటికంటే పొడి ఆగస్టు. మా తాత వర్షాధారం మీద శెనక్కాయ వేస్తాడు. ఆగస్టు అంటే ఊడలు దిగే సమయం. నేల మెత్తగా లేకపోతే ఊడ లోపలికి దిగదు, దిగకపోతే కాయ లేదు. పైకి చెట్టు పచ్చగానే కనిపించేది, పీకితే కింద రెండు మూడు కాయలు. ఇన్సూరెన్స్, అప్పు, వచ్చే ఏడాది విత్తనాలు, ఇవే ఆ ఏడాది మా ఇంట్లో మాటలు.

అయితే ఎల్ నినో అంటే కరువు ఖాయం అని కాదు. 1997లో చాలా బలమైన ఎల్ నినో వచ్చినా మన దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి. 2009, 2015లో మాత్రం దెబ్బ తగిలింది. హిందూ మహాసముద్రం వేడి కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి దీన్ని ప్రమాదం పెరగడం అనుకోవాలి, తీర్పు అనుకోకూడదు. శాస్త్రవేత్తలు చూసేది కూడా ఒక్క లిమా తీరాన్నే కాదు. పసిఫిక్ మధ్యలో నినో 3.4 అని ఒక ప్రాంతం గీసుకుని, అక్కడి నీరు సగటు కంటే అర డిగ్రీ వేడెక్కి నెలల తరబడి అలాగే ఉంటే ఎల్ నినో అంటారు. అర డిగ్రీ! మన హాస్టల్ గదిలో ఫ్యాన్ ఒక పాయింట్ పెంచినా తెలియనంత తేడా.

ఆ లెక్కలు నెలనెలా నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి. మన వాతావరణ శాఖ వాన లెక్కలూ దొరుకుతాయి. మినీ ప్రాజెక్టుకి టాపిక్ వెతుక్కుంటున్నవాళ్ళు ఈ రెండింటినీ ఒక గ్రాఫ్ మీద పెట్టి చూడండి, మీ జిల్లా వానలతో మొదలుపెట్టండి. వ్యవసాయం చేసే ఇంటి నుంచి వచ్చినవాళ్ళకి ఆ గ్రాఫ్‌లో కొన్ని ఏళ్ళు చూడగానే గుర్తుకొస్తాయి.