కిరణాన్ని తిప్పే ఆలస్యం

"ఆకాశం నుంచి కరెంటు దింపితే మన కొబ్బరితోటలు మాడిపోవాండీ మాస్టారూ?" మామిడికుదురులో ఒక తొమ్మిదో తరగతి కుర్రాడి సందేహం. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండిన మండలం. అడక్కుండా ఎలా ఉంటాడు!

జవాబు మాపుల్ అనే చిన్న పరికరంలో ఉంది. అంతరిక్షంలో ఎండను కరెంటుగా మార్చి మైక్రోవేవ్‌లుగా నేలకు పంపగలమా అని చూడ్డానికి అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయం 2023 జనవరిలో కక్ష్యలోకి పంపిన 50 కిలోల ప్రయోగ సామగ్రి ఎస్‌ఎస్‌పీడీ-1లో అదొక భాగం. పక్కనే మడతలు విప్పుకునే చట్రం ఒకటి, 32 రకాల సోలార్ సెల్స్ ఉన్న పెట్టె ఒకటి. నాకు ముద్దొచ్చేది మాత్రం మాపులే. కదిలే భాగం ఒక్కటీ లేకుండా మైక్రోవేవ్ కిరణాన్ని పక్కకి తిప్పుతుంది.

ఎలాగంటే, దాని ఏంటెన్నాలన్నీ ఒకే తాళంలో తరంగాలు వదిలితే కిరణం తిన్నగా పోతుంది. ఒక్కో ఏంటెన్నా పక్కదానికన్నా రవ్వంత ఆలస్యంగా వదిలితే, ఆలస్యమైన వైపుకి ఒరుగుతుంది. కనుమనాడు ప్రభ మోసేవాళ్లలో ఒక కొసనున్నవాళ్లు అడుగు తగ్గిస్తే ప్రభ అటే తిరగదూ, అలాగన్నమాట. కాకపోతే ఇక్కడ ఆలస్యాన్ని సెకనులో లక్ష కోట్లవ వంతుల్లో లెక్కపెట్టాలి. మార్చి 3న అడుగు దూరంలోని రెండు రిసీవర్లకు ఇలాగే శక్తి పంపి ఎల్‌ఈడీలు వెలిగించారు. మే 22న పాసడీనాలో కాల్టెక్ ప్రయోగశాల కప్పు మీద దాని సంకేతం అందింది.

అడుగు దూరమేనా అని నవ్వకండి. తరంగాలు పోనుపోను పరుచుకుంటాయి, ఏంటెన్నా ఎంత చిన్నదైతే అంత ఎక్కువగా. 500 కిలోమీటర్ల ఎత్తులో 30 సెంటీమీటర్ల ఏంటెన్నా పెట్టి 3 సెంటీమీటర్ల తరంగాలు వదిలితే కింద సుమారు 50 కిలోమీటర్ల వెడల్పున పడతాయి. రాజోలు, మామిడికుదురు, అమలాపురం అన్నీ అందులోనే. ఎవరికీ బల్బు వెలగదు. అందుకే కక్ష్యలో పెట్టే విద్యుత్ కేంద్రానికి బుల్లి నమూనా చెయ్యలేం. చిన్న ఉపగ్రహంతో ఒక్కో ముక్కనే పరీక్షించాలి.

అసలుది 36,000 కిలోమీటర్ల ఎత్తున, కిలోమీటరు వెడల్పు ఏంటెన్నాతో ఉండాలని పాత లెక్క. నేల మీద కిరణాన్ని అందుకునే సుమారు 10 కిలోమీటర్ల వెడల్పు వలయం, దాని నడిమధ్యన చదరపు మీటరుకు దాదాపు 230 వాట్లు. మిట్టమధ్యాహ్నపు ఎండే 1000 వాట్లుంటుంది. పైగా తాళం కుదిర్చేది కింది నుంచి వెళ్లే గురి సంకేతం. అది ఆగిందా, ఏంటెన్నాల తాళం తప్పి కిరణం చెదిరిపోతుంది. తోటలు మాడవు. సెంటు భూమికి కోర్టుకెక్కే మన కోనసీమలో అంత జాగా ఎవరిస్తారన్నదే పేచీ!

అంతరిక్షం నుంచి కరెంటు పంపే ఈ ఆలోచనను 1968లోనే ఇంజనీరు పీటర్ గ్లేసర్ చెప్పాడు. 1975లో అమెరికాలోని గోల్డ్‌స్టోన్‌లో నేల మీదే ఒకటిన్నర కిలోమీటర్ల దూరానికి 30 కిలోవాట్లకు పైగా పంపారు. 2010లో కలాం గారు దీన్ని భుజానికెత్తుకున్నారు.

ఎస్‌ఎస్‌పీడీ-1కి సొంత ఉపగ్రహం లేదు, విగోరైడ్ అనే అంతరిక్ష వాహనంలో అద్దెకుండేది. మనకీ అలాంటి వసతి ఉంది. శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశను పారేయకుండా ఇస్రో పోయెమ్ పేరుతో ప్రయోగాల వేదికగా వాడుతోంది. 2024 జనవరి 1న హైదరాబాద్ ధ్రువ స్పేస్ వాళ్ల లీప్-టీడీ అందులోనే ఎక్కింది. మాపుల్ లాంటి పెట్టెకి ఆ మాత్రం చోటు చాలు.